చాట్‌బాట్ వెనక ఎవరున్నారు?

2025లో కొద్ది నెలల తేడాతో రెండు సంగతులు జరిగాయి. మార్చిలో, అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల పరిశోధకులు తయారుచేసిన ‘థెరాబాట్’ అనే చాట్‌బాట్ మీద అధ్యయనం వెలువడింది. దానితో మాట్లాడిన కుంగుబాటు రోగుల్లో లక్షణాలు సగటున 51 శాతం తగ్గాయని తేలింది. జూన్ 30న ‘వోబాట్’ యాప్ మూతపడింది. ఈ రంగంలో ముందుగా పేరు తెచ్చుకుని, శాస్త్రీయ పరీక్షకు నిలబడిన యాప్ అది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కోసం పెట్టాల్సిన ఖర్చూ శ్రమా మోయలేకపోవడం మూసివేతకు పెద్ద కారణమని వ్యవస్థాపకురాలు అలిసన్ డార్సీ చెప్పారు.

జనం మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. చాట్‌జీపీటీ, జెమినీ, మెటా ఏఐ అప్పటికే ఫోన్లలో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ వైద్యం కోసం తయారుచేసింది కాదు. అయినా నిద్రపట్టని రాత్రి, ఇంట్లో చెప్పుకోలేని దిగులు, పరీక్ష ముందు కడుపులో తిప్పడం, అన్నీ అక్కడికే చేరుతున్నాయి. పరీక్షకు నిలబడిన యాప్ మూతపడింది. కుంగుబాటుకు మందుగా ఎవరూ పరీక్షించని చాట్‌బాట్లు కోట్ల మంది చేతుల్లో ఉన్నాయి.

ఆందోళనకూ కుంగుబాటుకూ చాట్‌బాట్లు పనికొస్తాయా అన్న ప్రశ్నకు దాదాపు పదేళ్లుగా జవాబులు పోగవుతున్నాయి. వాటిని ఒక్కచోట పెట్టి చదివితే నాకు అర్థమైంది ఇది: యంత్రం ఎంత తెలివైనదన్న దానికంటే, దాని వెనక మనుషులెవరైనా ఉన్నారా లేదా అన్నదాన్నిబట్టే మేలూ కీడూ తేలుతున్నాయి.

ఈ కథ ఇప్పటిది కాదు. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రాము రాశారు. మనం టైపు చేసిన వాక్యాన్నే అటూ ఇటూ తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి ఇంకేమీ తెలియదు. ఆయన సెక్రటరీకి అది ప్రోగ్రామని తెలుసు. అయినా దానితో మాట్లాడుతూ, కాసేపు గదిలోంచి బయటికి వెళ్లమని ఆయన్నే అడిగారు. వైజెన్‌బామ్ ఉలిక్కిపడ్డారు. కొన్ని పనులు యంత్రాలకు చేతనైనా సరే అప్పగించకూడదని 1976లో ఒక పుస్తకమే రాశారు. అదే కాలంలో కెన్నెత్ కోల్బీ అనే మానసిక వైద్యుడు దీన్ని ఇంకోలా చూశారు. వైద్యులు చాలని ఆసుపత్రుల్లో ఇలాంటి ప్రోగ్రాము ఒకేసారి ఎంతోమందికి అందుతుందని ఆశపడ్డారు. ఇవాళ్టి వాదనలు కూడా ఈ ఇద్దరి మధ్యే తిరుగుతున్నాయి.

మానసిక చికిత్సల్లో యంత్రానికి సులువుగా ఒదిగింది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే సీబీటీ. 1960లలో ఆరన్ బెక్ రూపుదిద్దిన ఈ పద్ధతిలో మనసులోకి తనంతట తాను వచ్చే ఆలోచనను పట్టుకుని పరీక్షిస్తారు. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయిన కుర్రాడు “నేను ఎందుకూ పనికిరాను” అని టైపు చేశాడనుకోండి. సీబీటీ నేర్పిన చాట్‌బాట్ వెంటనే ఓదార్చదు. ఆ మాట నిజమనడానికి ఏం ఆధారాలున్నాయని అడుగుతుంది. కాదనడానికి ఏమున్నాయని అడుగుతుంది. పోయింది ఒక సబ్జెక్టు, మాట మాత్రం మొత్తం మనిషి మీదికి వెళ్లింది కదా అని చూపిస్తుంది. ఇదే మార్కులు స్నేహితుడికి వస్తే వాడితో ఏమనేవాడివని అడుగుతుంది. చివరికి రేపు పొద్దున చేయగలిగే చిన్న పని ఒకటి ఎంచుకోమంటుంది. క్రికెట్‌కు వెళ్లడం కావచ్చు, మేనమామకు ఫోన్ చేయడం కావచ్చు. ఇందులో ప్రతి మెట్టూ ముందే తెలిసిందే కాబట్టి కాగితం మీద రాసిపెట్టుకోవచ్చు, ప్రోగ్రాములోనూ పెట్టుకోవచ్చు. వోబాట్, బెంగళూరులో పుట్టిన ‘వైసా’ మొదట్లో ఇలాగే పనిచేశాయి. వాటి జవాబులు మనుషులు ముందుగా రాసి పెట్టినవి. వాటికి కొత్త మాటలు పుట్టించే శక్తి లేదు, ఆ మేరకు ప్రమాదమూ తక్కువ.

2017లో వోబాట్ మీద వచ్చిన తొలి అధ్యయనంలో ఉన్నది 70 మంది. అందరూ 18 నుంచి 28 ఏళ్ల లోపువాళ్లు, చదువుకున్నవాళ్లు. సగంమందికి చాట్‌బాట్, మిగతా సగంమందికి కుంగుబాటు గురించి ఒక ఈ-బుక్ ఇచ్చారు. రెండు వారాల్లో చాట్‌బాట్ వాడినవాళ్లలో కుంగుబాటు స్కోరు ఎక్కువ తగ్గింది. ఆందోళన మాత్రం రెండు జట్లలోనూ తగ్గింది. అంటే ఆందోళన విషయంలో పుస్తకం కంటే చాట్‌బాట్ మెరుగని ఆ అధ్యయనం చెప్పలేదు. పత్రికల శీర్షికల్లో ఈ తేడా కనబడలేదు. 2018లో వైసా మీద వచ్చిన అధ్యయనంలో 129 మందిని చూశారు. ఎక్కువగా వాడినవాళ్లకు ఎక్కువ మేలు కనిపించింది. కానీ అక్కడ పోల్చింది ఎక్కువ వాడినవాళ్లనీ తక్కువ వాడినవాళ్లనీ. ఎలాగూ కోలుకుంటున్నవాళ్లే యాప్‌ను ఓపిగ్గా తెరుస్తారేమో కదా.

తర్వాత ఇలాంటివన్నీ కలిపి లెక్కకట్టిన సమీక్షలు వచ్చాయి. 2023 నాటి ఒక సమీక్ష 35 అధ్యయనాలు పరిశీలించి, కుంగుబాటూ మనోవేదనా తగ్గుతున్నాయని, మొత్తంగా జీవితం బాగుందన్న భావనలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదని తేల్చింది. 2024 నాటి ఇంకొకటి 18 అధ్యయనాల్లోని మూడువేల నాలుగు వందల మందికి పైగా మనుషుల వివరాలు కలిపి చూసింది. కుంగుబాటులో, ఆందోళనలో మేలు ఉంది, కానీ చిన్నది. మూడు నెలల తర్వాత చూస్తే చెప్పుకోదగ్గ మేలు మిగల్లేదు. నన్ను అన్నిటికంటే ఆపింది ఈ చివరి సంగతి. కుంగుబాటు తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టే జబ్బు. మూడు నెలలు నిలవని మేలును చికిత్స అని పిలవడానికి నాకు మనసొప్పదు. ఉపశమనం అనొచ్చు. ఉపశమనం చిన్న విషయమేమీ కాదు, కానీ దాని పేరుతోనే దాన్ని పిలవాలి.

ఈ నేపథ్యంలో థెరాబాట్ ఫలితం నిజంగా పెద్దది. 210 మందిలో సగంమందికి చాట్‌బాట్ ఇచ్చారు, మిగతావాళ్లను వేచి ఉండమన్నారు. చాట్‌బాట్ వాడినవాళ్లలో ఆందోళన లక్షణాలు కూడా 31 శాతం తగ్గాయి. సగటున ఒక్కొక్కరు ఆరు గంటలకు పైగా దానితో మాట్లాడారు. మనిషి దగ్గర కౌన్సెలింగ్ తీసుకునేవాళ్లకు కుదిరేంత నమ్మకం దీనితోనూ కుదిరిందని చెప్పారు. ఇది ముందే రాసిపెట్టిన జవాబులు చెప్పే రకం కాదు, కొత్తగా మాటలు పుట్టించే రకం. దాన్ని తయారుచేసిన తీరే నాకు అసలు కథగా అనిపిస్తుంది. మొదట ఇంటర్నెట్‌లో జనం తమ బాధలు చెప్పుకున్న సంభాషణలతో శిక్షణ ఇచ్చారు. అది కుంగిపోయిన మనిషిలాగే మాట్లాడటం మొదలుపెట్టింది. తర్వాత చికిత్స శిక్షణ వీడియోల సంభాషణలతో ప్రయత్నించారు. ఊ కొట్టడం, అరిగిపోయిన మాటలు చెప్పడం నేర్చుకుంది. రెండూ పక్కనపెట్టి, మంచి చికిత్సకుడు ఏమంటాడో నిపుణుల బృందం కూర్చుని స్వయంగా సంభాషణలు రాసింది. 2019లో మొదలైన పని ఇది. అధ్యయనం జరిగినన్నాళ్లూ పరిశోధకులు సందేశాలను గమనిస్తూనే ఉన్నారు. ప్రాణాపాయం సూచన కనిపించినా, యంత్రం తప్పు మాట అన్నా, మనిషి జోక్యం చేసుకున్నాడు. 51 శాతం అన్న అంకెలో ఈ మనుషుల శ్రమ కలిసే ఉంది. మనం ఫోన్‌లో తెరిచే చాట్‌బాట్‌కు ఆ అంకెను అంటగట్టకూడదు. పైగా వేచి ఉండమన్నవాళ్లతో పోలిస్తే ఏ చికిత్సైనా కాస్త మెరుగ్గానే కనిపిస్తుంది. కౌన్సెలర్‌తో పోల్చి చూసే పెద్ద పరీక్ష ముందుంది.

మనిషి తోడు లేకపోతే ఏమవుతుందో చాట్‌బాట్ల కంటే ముందే ఇంగ్లండ్‌లో తేలింది. కంప్యూటర్ ద్వారా సీబీటీ నేర్పే ప్రోగ్రాములను అక్కడి ప్రాథమిక వైద్యంలో 691 మందిమీద పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. మామూలు డాక్టరు ఇచ్చే వైద్యానికి ఈ ప్రోగ్రాములు కలిపినా అదనపు లాభం రాలేదు. చాలామంది ఒకటి రెండు పాఠాలతోనే మానేశారు. తర్వాత వచ్చిన సమీక్షల్లో, వారానికోసారి ఒక మనిషి పలకరించి ‘ఎంతవరకు వచ్చింది?’ అని అడిగే పద్ధతిలో మేలు ఎక్కువని, కుంగుబాటు తీవ్రంగా ఉన్నవాళ్లలో ఆ తేడా మరీ ఎక్కువని తేలింది. తేలికపాటి కుంగుబాటు ఉన్నవాళ్లు తమంతట తాము కూడా లాభపడగలిగారు.

ఇక కోట్ల మంది వాడుతున్న మామూలు చాట్‌బాట్ల సంగతి. వీటి గురించి భయమంతా ఆత్మహత్యల కేసుల చుట్టూ తిరుగుతుంది. ఆ భయానికి కారణాలున్నాయి, వాటికి వస్తాను. కానీ రోజూ చాలామందికి జరిగే హాని నెమ్మదైనది, కంటికి కనిపించనిది. ఆందోళన జబ్బు ఎలా పెరుగుతుందో తెలిస్తే అది అర్థమవుతుంది.

ఒకతనికి రాత్రి గుండె దడదడలాడుతుంది. ఈసీజీ నిన్ననే తీయించుకున్నాడు, బాగానే ఉంది. అయినా ఫోన్ తీసి ‘ఇది గుండెపోటేనా?’ అని అడుగుతాడు. కాకపోవచ్చని, ఆందోళన వల్ల కూడా ఇలా ఉంటుందని ఓపిగ్గా జవాబు వస్తుంది. మనసు కుదుటపడుతుంది, పది నిమిషాలు. ‘మరి ఎడమ చెయ్యి లాగుతోందే?’ మళ్లీ జవాబు, మళ్లీ ఊరట. ‘ఈసీజీలో బయటపడని జబ్బులు కూడా ఉంటాయట కదా?’ ఆందోళనకు చికిత్స చేసేవాళ్లు అన్నిటికంటే ముందు ఆపాలని చూసేది ఈ భరోసా వెతుక్కోవడాన్నే. భరోసా దొరికిన ప్రతిసారీ, అది లేకుండా ఆ నిమిషాన్ని దాటగలనన్న నమ్మకం కొంత పోతుంది. ఇంట్లో భార్య అయితే నాలుగోసారి అడిగినప్పుడు “ఇంక పడుకోండి, పొద్దున చూద్దాం” అంటుంది. ఆ విసుగులోనే సగం వైద్యం ఉంది. చాట్‌బాట్‌కు విసుగు రాదు. ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉండటం దాని గొప్ప గుణమని అందరూ చెబుతారు. ఆందోళన రోగి విషయంలో అదే దాని పెద్ద లోపం.

కుంగుబాటులో సమస్య ఇంకో రకం. ‘నన్నెవరూ అర్థం చేసుకోరు’ అని రాస్తే మామూలు చాట్‌బాట్ మీ బాధ సహజమేనంటుంది. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆ మాటను ప్రశ్నించకుండా వదిలేస్తే అది ఇంకాస్త గట్టిపడుతుంది. వాడేవాళ్లను మెప్పించే జవాబులవైపు ఈ యంత్రాలు ఒరిగిపోతాయని వాటిని తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నారు. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ చాట్‌జీపీటీకి ఒక మార్పు చేసి, అది మరీ ముఖస్తుతికి దిగుతోందని కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఆ సంస్థా ఎంఐటీ పరిశోధకులూ కలిసి దాదాపు వెయ్యి మందిని నాలుగు వారాలు గమనించారు. రోజూ ఎక్కువసేపు వాడినవాళ్లలో ఒంటరితనం, చాట్‌బాట్ మీద ఆధారపడటం ఎక్కువగా కనిపించాయి. ఒంటరివాళ్లే ఎక్కువ వాడుతున్నారా, వాడటం వల్లే ఒంటరివాళ్లవుతున్నారా అన్నది విడదీయడం కష్టం. రెండూ నిజమైతే మాత్రం అది తనను తాను పెంచుకునే చక్రం. కుంగుబాటుకు బాగా పనిచేసే పద్ధతుల్లో ఒకటి మనిషిని గదిలోంచి బయటికి నడిపించి, మానేసిన పనులు ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టించడం. గోవాలో సంగత్ అనే సంస్థ, వైద్యులు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ఈ పనే చేయించింది. ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో 64 శాతం మంది కోలుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్లలో 39 శాతమే కోలుకున్నారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ఇది. ఆ కౌన్సెలర్ల పనంతా ఎదుటివాణ్ని గడప దాటించడమే. ఫోన్ తెర ముందు కూర్చోబెట్టే పనిముట్టుతో అది సాధించడం కష్టం.

ఇక ప్రాణాల సంగతి. ఫ్లోరిడాలో 2024లో చనిపోయిన పద్నాలుగేళ్ల అబ్బాయి తల్లి ‘కేరెక్టర్ ఏఐ’ అనే చాట్‌బాట్ కంపెనీ మీద, కాలిఫోర్నియాలో 2025లో చనిపోయిన పదహారేళ్ల అబ్బాయి తల్లిదండ్రులు ఓపెన్‌ఏఐ మీద కోర్టుకు వెళ్లారు. అవి ఆరోపణలే, కోర్టు తీర్పులు కావు. కానీ సంభాషణ సుదీర్ఘంగా సాగినప్పుడు తమ రక్షణ ఏర్పాట్లు సడలిపోవచ్చని ఓపెన్‌ఏఐ స్వయంగా ఒప్పుకుంది. వారంలో తమను వాడేవాళ్లలో 0.15 శాతం మంది మాటల్లో ఆత్మహత్య ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తోందని 2025 అక్టోబరులో ప్రకటించింది. అప్పట్లో వారానికి 80 కోట్ల మంది వాడిన చోట అంత చిన్న శాతం కూడా పది లక్షలు దాటుతుంది. ప్రపంచంలో ఏ హెల్ప్‌లైన్‌కూ ఊహకందని సంఖ్య అది. అంతమంది మొదట అక్కడ నోరు విప్పుతున్నారంటే, వాళ్లను మనుషుల దగ్గరికి చేర్చే అవకాశమూ బాధ్యతా ఆ కంపెనీలవే.

మనుషులను తీసేసి యంత్రాన్ని పెడితే ఏమవుతుందో అమెరికాలో తిండి సంబంధిత మానసిక రుగ్మతల కోసం పనిచేసే సంఘం 2023లో చూపించింది. హెల్ప్‌లైన్ మూసేయాలని నిర్ణయించి, ‘టెస్సా’ అనే చాట్‌బాట్‌ను ముందుకు తెచ్చింది. తిండి మానేసి ప్రాణం మీదికి తెచ్చుకునే జబ్బున్నవాళ్లకు అది బరువు తగ్గే చిట్కాలు చెప్పింది. దాన్ని ఆపేయాల్సి వచ్చింది. ఆ తర్వాత చట్టాలు కదిలాయి. ఇలినాయ్ రాష్ట్రం 2025 ఆగస్టులో ఏఐతో మానసిక చికిత్స అందించడాన్ని నిషేధించింది. కాలిఫోర్నియా, చాట్‌బాట్లు ఆత్మహత్య మాట వచ్చినప్పుడు ఏం చేయాలో నిబంధనలు పెట్టింది.

మన దగ్గర చట్టం ఉన్నచోట కూడా ఒక ఖాళీ ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి చెప్పుకున్నది గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చింది. అది వైద్యం చేసేవాళ్ల ముందు చెప్పుకున్న మాటకు. చాట్‌బాట్‌తో చెప్పుకున్నదానికి డాక్టరుకో లాయరుకో చెప్పినప్పటి రక్షణ లేదని ఓపెన్‌ఏఐ అధిపతి సామ్ ఆల్ట్‌మన్ 2025లో బాహాటంగానే అన్నారు. కంపెనీల సర్వర్ల కంటే దగ్గరి ప్రమాదం ఇంకొకటుంది. మన ఇళ్లలో ఫోన్ ఒకరిది కాదు. కోడలు అత్తింటి గురించి రాసుకున్నది భర్త చేతికి చిక్కడానికి ఏ హ్యాకరూ అక్కర్లేదు.

ఇన్ని చెప్పాక కూడా నేను నిషేధం పక్షాన నిలబడలేను. నిమ్‌హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం కుంగుబాటు, ఆందోళన లాంటి సాధారణ మానసిక సమస్యలున్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి వైద్యం అందడం లేదు. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు, కానీ మన పల్లెల్లో పరిస్థితి వేరుగా ఉంటుందని ఎవరంటారు? గుండెదడ, నిద్రలేమి, ఒళ్లునొప్పులని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే గ్యాస్ మాత్రో బలానికి ఇంజెక్షనో దొరుకుతుంది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరెత్తితే చాలు పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయం ఇంకా పోలేదు. అలాంటి చోట ఎవరికీ తెలియకుండా నోరు విప్పగలిగే తావు దొరకడం నిజమైన మేలు.

ఆ మేలును ఎలా వాడుకోవాలో రెండు ఉదాహరణలు చూపిస్తాయి. బ్రిటన్‌లో కొన్ని ప్రభుత్వ మానసిక చికిత్స కేంద్రాలు, తమంతట తాము పేరు నమోదు చేసుకునేవాళ్ల కోసం ఒక చాట్‌బాట్‌ను ముంగిట పెట్టాయి. అది చికిత్స చేయదు. వివరాలు అడిగి, మనిషి దగ్గరికి పంపుతుంది. అక్కడ నమోదులు 15 శాతం పెరిగాయి, అది లేనిచోట 6 శాతమే. మైనారిటీ జాతుల నుంచి ఎక్కువమంది వచ్చారని 2024లో ప్రచురితమైన ఆ అధ్యయనం తేల్చింది. రెండో ఉదాహరణ మన పశ్చిమ గోదావరిది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అక్కడి గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్లు ఇచ్చింది. వాళ్లు ఇంటింటికీ వెళ్లి కుంగుబాటు, ఆందోళన ప్రశ్నలు అడిగారు. సమస్య ఉన్నట్టు తేలిన మనిషి వివరాలు పీహెచ్‌సీ డాక్టరుకు చేరేవి, ఏం చేయాలో ఆ డాక్టరుకూ ట్యాబ్లెట్టే దారి చూపేది. మొదట గిరిజన గ్రామాల్లో చేసిన ప్రయత్నంలో, అవసరమున్నవాళ్లలో వైద్యం పొందేవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. తర్వాత హర్యానాను కూడా కలిపి జరిపిన పెద్ద అధ్యయనంలో కుంగుబాటు స్కోర్లు మామూలు పద్ధతి కంటే ఎక్కువ తగ్గాయి. గడప తొక్కింది తెలిసిన అక్కే. ఆమె చేతిలో ఉన్నది యంత్రం.

అందుకే నాకున్న పెద్ద దిగులు కాలేజీల గురించి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలంది. కౌన్సెలర్‌కు జీతం ఇవ్వాలి, గది ఇవ్వాలి, చదువు గంటల్లోంచి పిల్లవాణ్ని పంపాలి. యాప్‌కు ఇవేవీ అక్కర్లేదు. ఫలానా యాప్ పెట్టాం, పని అయిపోయిందని యాజమాన్యాలు చేతులు దులుపుకునే రోజు రాకుండా విద్యాశాఖలు ఇప్పుడే తేల్చి చెప్పాలి: యాప్ కౌన్సెలర్‌కు బదులు కాదు. తెలుగులో మాట్లాడే చాట్‌బాట్‌ను ఎవరు తెచ్చినా రెండు షరతులు పెట్టాలి. ఇంగ్లిషు లిపిలో తెలుగు టైపు చేసి, ‘ఇంక చాలు అనిపిస్తోంది’ అని మాత్రమే రాసినా అందులోని ప్రమాదాన్ని అది గుర్తుపట్టాలి. గుర్తుపట్టిన వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ లాంటి చోట ఒక మనిషికి అప్పగించాలి.

ఇప్పటికే చాట్‌బాట్‌తో మనసు విప్పుతున్నవాళ్లు మానేయనక్కర్లేదు, వాడే తీరు మార్చుకుంటే మేలు. ఓదార్చమని కాకుండా, నా ఆలోచనలో లోపం ఎక్కడుందో చూపించమని అడగండి. ఒకే భయం గురించి రెండోసారి అడగాలనిపిస్తే ఫోన్ పక్కన పెట్టండి. దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరును కలవండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి, 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, డబ్బు తీసుకోరు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు నోటమాట రాకపోతే చాట్‌బాట్‌తో జరిపిన సంభాషణే తెరిచి చూపించండి. ఎప్పుడు మొదలైందో, రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోందో, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోందో అందులోనే ఉంటుంది. డాక్టరు అడగబోయే ప్రశ్నల్లో సగానికి జవాబులు అక్కడ దొరుకుతాయి.